తల్లిపాల మీద పడిన అనుమానం

మహారాష్ట్రలోని చంద్రపూర్, బల్లార్‌పూర్, రాజురా ప్రాంతాల తెలుగు కుటుంబాల్లో ఒకావిడకు రొమ్ములో గడ్డ తగిలిందంటే నాగపూర్ రైలెక్కడమో, హైదరాబాద్ దారి పట్టడమో జరుగుతుంది. జబ్బు పేరు తెలిశాక ఇంట్లో మరో దిగులు మొదలవుతుంది. ఇది అంటుకుంటుందా? ఆమె పాలు తాగిన కూతురికీ వస్తుందా? ఇలా అడిగేవాళ్లను అమాయకులని కొట్టిపారేయకూడదు. సరిగ్గా ఇదే ప్రశ్నతో ఒకప్పుడు శాస్త్రవేత్తలు బొంబాయిలో తల్లిపాలు సేకరించారు.

కథ ఎలుకలతో మొదలైంది. 1936లో అమెరికాలో జాన్ బిట్నర్, రొమ్ము క్యాన్సర్ ఎక్కువగా వచ్చే జాతి ఎలుక పిల్లల్ని పుట్టగానే తల్లి నుంచి వేరుచేసి, ఆ జబ్బు అరుదైన జాతి తల్లుల దగ్గర పాలు తాగించాడు. వాటిలో క్యాన్సర్ బాగా తగ్గింది. అంటే జబ్బును మోసుకొచ్చేది రక్తసంబంధం ఒక్కటే కాదు, పాలు కూడా. ఆ పాలలో ఉన్నది వైరస్ అని తర్వాత తేలింది.

అది ఏం చేస్తుందో 1982లో శాస్త్రవేత్తలు రూల్ నుస్సే, హెరాల్డ్ వార్మస్ పట్టుకున్నారు. ఈ వైరస్ తన ప్రతిని కణం క్రోమోజోములో ఇరికిస్తుంది. సొంతంగా క్యాన్సర్ జన్యువేదీ దానికి లేదు. కానీ అది దిగిన చోటికి దగ్గరలో ఎదుగుదలను నడిపే జన్యువు ఉంటే, నిద్రాణంగా ఉండాల్సిన ఆ జన్యువు మేలుకుంటుంది. అలా దొరికిన జన్యువునే ఇప్పుడు డబ్ల్యూఎన్‌టీ-1 అంటున్నాం.

మరి మనుషుల్లో? బొంబాయి పార్సీ స్త్రీలలో రొమ్ము క్యాన్సర్ మిగతావారికన్నా ఎక్కువ. అందుకే డాన్ మూర్ బృందం, బొంబాయి పరిశోధకులు సత్యవతి సిర్సాట్, పేమాస్టర్ తదితరులతో కలిసి ఆ స్త్రీల పాలను, పోలికకు అమెరికన్ స్త్రీల పాలను ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్ కింద పరీక్షించింది. 1971లో 'నేచర్' పత్రికలో ఫలితం వచ్చింది. ఎలుకల వైరస్‌ను పోలిన రేణువులు పార్సీ స్త్రీలలో 39 శాతం మందిలోనూ, కుటుంబంలో ఈ జబ్బు లేని అమెరికన్ స్త్రీలలో 5 శాతం మందిలోనూ కనిపించాయి.

ఒళ్లు జలదరించే అంకెలే. అయితే పోలిక రుజువు కాదు. పాలలో కణాల నుంచి రాలిన తునకలెన్నో ఉంటాయి, వాటిలో కొన్ని వైరస్ రూపంలో కనబడగలవు. పార్సీ స్త్రీలలో ఆలస్యపు పెళ్లిళ్లు, తక్కువ కాన్పులు కూడా ఆ తేడాకు కారణం కావచ్చు. అన్నిటికన్నా ముఖ్యంగా, తర్వాత రొమ్ము క్యాన్సర్ వచ్చిన తల్లుల పాలు తాగిన కూతుళ్లకు, తాగని వారికన్నా ముప్పు పెరిగినట్టు అధ్యయనాల్లో కనబడలేదు.

అనుమానం అక్కడితో ఆగలేదు. 1995లో బియాట్రిజ్ పోగో బృందం మనుషుల రొమ్ము కణితుల్లో దాదాపు 38 శాతంలో ఎలుక వైరస్‌ను పోలిన జన్యు భాగాన్ని చూపింది. కొన్ని ప్రయోగశాలలకు అది దొరికింది, మరికొన్నిటికి దొరకలేదు. ఎలుక డీఎన్ఏ ఆనవాలు రవ్వంత కలిసినా ఈ పరీక్ష మోసపోతుంది. ఆ తర్వాత అనుమానం మరో వైరస్ మీదికి మళ్లింది. 2015లో గెర్ట్రూడ్ బ్యూరింగ్ పశువుల ల్యుకేమియా (రక్త క్యాన్సర్) వైరస్‌ను 59 శాతం క్యాన్సర్ నమూనాల్లో, 29 శాతం మామూలు నమూనాల్లో చూసింది. కణితుల జన్యుక్రమాన్ని మొత్తంగా చదివిన ఇతరులకు దాని జాడ దొరకలేదు. పశువుల పాలను పొంగించి తాగే మన ఇళ్లలో ఆ వైరస్ బతకదు కూడా.

రుజువంటే ఎలా ఉండాలో గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ చూపిస్తుంది. దాదాపు ప్రతి కణితిలోనూ హెచ్‌పీవీ అనే వైరస్ ఉంటుంది. కణాన్ని అదుపులో ఉంచే ప్రోటీన్లను అది ఎలా పడగొడుతుందో తెలుసు. మహారాష్ట్రలోనే, ఉస్మానాబాద్ జిల్లాలో జరిగిన అధ్యయనం ఒక్కసారి హెచ్‌పీవీ పరీక్షతో ఆ క్యాన్సర్ మరణాలు సగం దాకా తగ్గాయని 2009లో తేల్చింది. రొమ్ము క్యాన్సర్ విషయంలో అలాంటి గొలుసు ఇంకా కుదరలేదు. వెతుకులాట సాగాలనే నేను కోరుకుంటాను. కానీ తేలని అనుమానాన్ని పట్టుకుని ఒక తల్లి బిడ్డకు పాలు మానేస్తే, లేదా జబ్బుపడిన ఆడమనిషికి కంచం, మంచం వేరు చేస్తే, అది ఘోరం.

నిజానికి పాలివ్వడం తల్లికే రక్ష. 30 దేశాల సమాచారాన్ని కలిపి 2002లో 'లాన్సెట్' ప్రచురించిన విశ్లేషణ ప్రకారం, పాలిచ్చిన ప్రతి 12 నెలలకూ రొమ్ము క్యాన్సర్ ముప్పు 4.3 శాతం తగ్గుతుంది. చికిత్సలో ఉన్న తల్లి మాత్రం వైద్యుల మాట వినాలి. ఇక జబ్బును ముందే పట్టుకునే మాటకొస్తే, ముంబై పేటల్లో లక్షన్నర మంది స్త్రీలతో 20 ఏళ్లు నడిచిన టాటా మెమోరియల్ ఆసుపత్రి అధ్యయనం 2021లో వెలువడింది. శిక్షణ పొందిన ఆరోగ్య కార్యకర్తలు రెండేళ్లకోసారి చేత్తో తడిమి పరీక్షించారు. 50 దాటినవారిలో రొమ్ము క్యాన్సర్ మరణాలు 30 శాతం దాకా తగ్గాయి. ఖరీదైన యంత్రం అక్కర్లేని ఆ పరీక్ష చంద్రపూర్ పల్లెల్లోనూ చేయదగినదే.