పెంచిన యిల్లు విడిచిన ఆటగాఁడు

బంతియాట మన కేల యని సోదరీమణులు కొంద ఱనవచ్చును. కాని యీ వాదమును వినినచో మన యిండ్లలోని మాటలే జ్ఞప్తికి వచ్చును.

హ్యారీ కేన్ పదునొకండవ యేఁట లండనులోని టోటెన్‌హామ్ ఫుట్‌బాలు క్లబ్బునఁ జేరెను. పెద్దజట్టున 435 ఆటలలో 280 గోలులు చేసెను. ఆ క్లబ్బున నిన్ని గోలులు మఱెవ్వరును జేయలేదు. అయినను అతఁ డాడినంతకాలము జట్టునకు నొక్క కప్పైనను దక్కలేదు. 2023 ఆగస్టులో, ఒడంబడిక యింకొక యేఁడు మిగిలియుండఁగనే, జర్మనీలోని బేయర్న్ మ్యూనిక్ జట్టునకుఁ బోయెను.

"పెంచిన యిల్లు విడుచునా?" యని కొందఱు నొచ్చుకొనిరి. "కప్పు లేకయే ముప్పదియేండ్లు నిండినవి, పోనిండు" అని కొందఱు. లెక్క తెలిసినవారు, ఆ యేఁడు గడచినచో నతఁ డూరకయే పోవును, క్లబ్బునకుఁ గాసైనను రాదు, ఇప్పుడైనచోఁ గోట్లు వచ్చును గదా యనిరి. లెక్క సరియే. గాని, గోడపై నతని చిత్రము నంటించుకొన్న పిల్లవానిని లెక్క చెప్పి యూరడించు టెట్లు? జీతమునకై పోయెనన్న నిందను మాత్రము మేము నమ్మఁజాలము. టోటెన్‌హామ్‌లోను అతనికి గొప్ప జీతమే యుండెను.

2025 మే నెలలో బేయర్న్ జర్మను లీగు గెలువఁగాఁ గేనునకుఁ దొలి పెద్ద కప్పు లభించెను. అతఁడు లేని టోటెన్‌హామ్ జట్టును ఆ నెలలోనే బిల్బావోలో మాంచెస్టరు యునైటెడ్ జట్టును 1–0 గా నోడించి యూరోపా లీగు కప్పు నెత్తెను.