హబ్షీలు కాచిన కడలి కోట

'జజీరా' అంటే అరబ్బీలో ద్వీపం. ఆ మాటే జనం నోట నలిగి 'జంజీరా' అయింది. మహారాష్ట్రలోని రాయగఢ్ జిల్లాలో, మురుడ్ పట్టణానికి దగ్గర, అరేబియా సముద్రంలో ఒక రాతి దిబ్బ మీద నిలిచిన కోట ఇది. ఆఫ్రికా మూలాలున్న సిద్దీలు మూడు శతాబ్దాలకు పైగా దీన్ని ఏలారు. వీరినే హబ్షీలని కూడా అంటారు. మన హైదరాబాద్‌లోని ఏసీ గార్డ్స్ పేటకు ఆ పేరు నిజాం కొలువులోని ఆఫ్రికన్ అశ్వదళం వల్ల వచ్చింది. ఆ జాతివారి చరిత్రలో మరో పుట ఈ జంజీరా.

తెరచాప పడవలో

రాజపురి రేవు నుంచి కోటకు తెరచాప పడవలు నడుస్తాయి. మేము ఎక్కిన పడవ ఒడ్డు విడిచాక కోట గోడ తప్ప ద్వారం కనిపించలేదు. బాగా దగ్గరకు వెళ్లాకే రెండు బురుజుల నడుమ అది బయటపడింది. శత్రువు ఎటు రావాలో తెలియక తికమకపడేలా కట్టారన్నమాట. పడవ అలల మీద ఊగుతుంటే, సరంగు చెయ్యి అందుకుని మెట్ల మీదకు దిగాము. ద్వారం దగ్గర, ఏనుగులను పంజాల్లో బిగించిన మృగం శిల్పం మమ్మల్ని ఆపేసింది.

లోపల 19 బురుజులు ఇంకా చెక్కుచెదరలేదు. 'కలాల్ బాంగ్డీ' అనే పెద్ద ఫిరంగి సముద్రం వైపు గురిపెట్టే ఉంది. నవాబు మహలు, మసీదు శిథిలాలయ్యాయి. చుట్టూ ఉప్పునీరే, అయినా కోట నడుమ రెండు మంచినీటి చెరువులున్నాయి. ముట్టడి ఎన్నాళ్లు సాగినా లోపలివారు తట్టుకోవడానికి గోడలెంత కారణమో ఈ నీళ్లూ అంతే కారణం.

ఎవరితో ఎవరి పోరు?

శివాజీ పలుమార్లు ప్రయత్నించినా కోట దక్కలేదు. పక్కనే మరో దిబ్బ మీద ఆయన కట్టించిన పద్మదుర్గం ఇక్కడి బురుజుల పైనుంచి కనిపిస్తుంది. 1682లో శంభాజీ, ఒడ్డు నుంచి కోట దాకా సముద్రంలో రాళ్లు పోయించి దారి వేయబోయాడు. ఇంతలో మొఘల్ సైన్యం తన రాజ్యం మీదికి రావడంతో ఆ పని ఆగిపోయింది.

దీన్ని రెండు మతాల యుద్ధంగా చెప్పేవారున్నారు. చరిత్ర అలా లేదు. శివాజీ నౌకాదళాన్ని నడిపినవారిలో దౌలత్ ఖాన్ ఒకడు. సిద్దీలు మొదట అహ్మద్‌నగర్‌ను, తర్వాత బీజాపూర్‌ను, ఆపైన మొఘలులను కొలిచారు. 1689లో సిద్దీ యాకూత్ ఖాన్ ముట్టడించింది ఇంగ్లీషువారి బొంబాయిని. సముద్రం మీద పెత్తనం, రేవుల రాబడి ఎవరివన్నదే అసలు తగాదా.

బానిసత్వం నుంచి అధికారానికి

దక్కన్‌కు వచ్చిన హబ్షీలలో చాలామంది బానిసలుగా అమ్ముడైనవారు. అహ్మద్‌నగర్ రాజ్యాన్ని నడిపించిన మలిక్ అంబర్ కూడా అలా వచ్చినవాడే. జంజీరాలో తొలినాళ్లలో అధికారం తండ్రి నుంచి కొడుకుకు దక్కేది కాదు. నౌకాదళ నాయకుల్లో ముఖ్యుడికి దక్కేది. శివాజీకి కోట అప్పగించేందుకు సిద్ధపడ్డ ఫతే ఖాన్‌ను తోటి సిద్దీలే పదవి నుంచి దింపేశారు. మనిషి పుట్టుకను, రంగును బట్టి హోదా ఇచ్చే లోకంలో, అమ్ముడైనవారి వారసులు సంస్థానాధిపతులు కావడం చిన్న సంగతి కాదు. కోట ఎవరికీ లొంగలేదని సందర్శకులకు గొప్పగా చెబుతారు కానీ, దాన్ని కాచిన మనుషుల ఈ కథ చెప్పేవారు తక్కువ.

1948లో జంజీరా సంస్థానం భారతదేశంలో విలీనమైంది. ఒకప్పుడు జనంతో కళకళలాడిన కోటలో ఇప్పుడు పిచ్చిమొక్కలు, కూలిన గోడలే మిగిలాయి.

వెళ్లేవారికి

ముంబయి నుంచి అలీబాగ్ మీదుగా రోడ్డున మురుడ్ చేరవచ్చు. వానాకాలంలో పడవలు ఆగిపోతాయి గనుక చలికాలం మేలు. పడవవాళ్లు కోటలో ఎక్కువసేపు ఉండనివ్వరు. అందుకే ముందు చెరువులు, పెద్ద ఫిరంగి చూడాలి. తిరిగి వచ్చాక రాజపురికి దగ్గరలోని ఖోక్రీ గ్రామానికి వెళ్లడం మరవవద్దు. సిద్దీ సురుల్ ఖాన్, యాకూత్ ఖాన్, ఖైరియత్ ఖాన్‌ల రాతి గుంబజులు అక్కడే ఉన్నాయి. కోటను చూసి వచ్చినవారు, దాన్ని కాచినవారి సమాధుల దగ్గర కాసేపు నిలబడటం న్యాయం.