వాపు తగ్గనిదే కోత పెట్టరు
చీలమండ విరిగినవారికి ఆపరేషన్ ఆలస్యం ఎందుకు?

గోల్నాక: "వారం రోజులాయె, మంచం మీద పండబెట్టిన్రు. ఆపరేషన్ మాత్రం చేస్తలేరు!" చీలమండ విరిగిన రోగి వెంట ఆసుపత్రికి వెళ్ళిన బంధువుల నోట తరచు వినిపించే మాట ఇది. వానకు నాచు పట్టిన మెట్టుపై జారినా, స్కూటరు మీద నుంచి పడినా, ఉస్మానియా విశ్వవిద్యాలయ ఆవరణలో పొద్దుటి నడకకు వెళ్ళి గుంతలో కాలు మడతపడినా చీలమండ విరగవచ్చు. ఎక్స్‌రేలో విరుపు స్పష్టంగా కనిపిస్తుంటే వైద్యులు ఎందుకు ఆగుతారన్నది సామాన్యుని సందేహం.

జవాబు ఎముకలో లేదు, పైనున్న చర్మంలో ఉంది. తొడకున్నట్టు చీలమండకు కండ లేదు. గిలకల మీద పలచని చర్మమే కప్పు. ఎముక విరిగిన కొద్ది గంటలకే లోపల రక్తం, నీరు చేరి చర్మం బిగుసుకుపోతుంది. మొదటి రెండు మూడు రోజులు వాపు పెరుగుతుంది. సన్నని రక్తనాళాలు నొక్కుకుపోయి చర్మానికి రక్తం సరిగా అందదు. ఒక్కొక్కప్పుడు పొక్కులు లేస్తాయి. అటువంటి చోట కోస్తే కుట్లు వేసినా అంచులు అతకవు. పుండు పడి, చీము లోపలి ప్లేటు, స్క్రూల దాకా పోతుంది. అప్పుడు మళ్ళీ మళ్ళీ ఆపరేషన్లు, నెలల తరబడి మంచం తప్పవు. మధుమేహం ముదిరినవారికి కాలికే ముప్పు రావచ్చు.

ముడతలే గుర్తు

అందుకే వాపు రాకముందే, తొలి గంటల్లోనే ఆపరేషన్ చేస్తారు. లేదా వాపు తగ్గేదాకా ఆగుతారు. దీనికి సాధారణంగా వారం నుంచి రెండు వారాలు పడుతుంది. చర్మం మీద మళ్ళీ సన్నని ముడతలు కనిపిస్తే కోతకు అనువైన వేళ వచ్చినట్లే. అయితే మూడు వారాలు దాటితే విరిగిన ముక్కలు వంకరగానే అతకడం మొదలవుతుంది. కనుక ముందు కట్లు కట్టించి, నయం కాకపోతే ఆసుపత్రికి పోదామనుకోవడం పొరపాటు. వాచిన కాలికి బిగుతుగా కట్టు కట్టడం ప్రమాదం కూడా.

కొన్నింటికి ఆగడం కుదరదు. కీలు తప్పితే వెంటనే సరిచేయాలి. ఎముక చర్మాన్ని చీల్చుకుని బయటికి వస్తే గాయం కడిగి, ధనుర్వాతం సూది, చీము పట్టకుండా మందులు ఆలస్యం లేకుండా ఇవ్వాలి. వేళ్ళు చల్లబడినా, తిమ్మిరెక్కినా, వేళ్ళు కదిపితే భరించలేని నొప్పి వచ్చినా క్షణం ఆలోచించరాదు.

ఇంటివారి పని

గోల్నాకవాసులకు గాంధీ, ఉస్మానియా ఆసుపత్రులు దూరం కాదు. తార్నాకలో ఆర్టీసీ ఉద్యోగులకు వారి ఆసుపత్రి, లాలాగూడలో రైల్వేవారికి వారిది ఉన్నాయి. అయితే వాపు తగ్గించడంలో సగం పని ఇంటివారిదే. రోగిని పడుకోబెట్టి, కాలిని దిండ్ల మీద గుండె కంటే ఎత్తుగా ఉంచాలి. కుర్చీలో కాలు వేలాడేసి కూర్చోనివ్వరాదు. వైద్యుడు ఒప్పుకుంటే గుడ్డలో చుట్టిన మంచుగడ్డ పావుగంట చొప్పున పెట్టవచ్చు. నూనె రాసి మర్దన చేయరాదు. పొక్కులు చిదమరాదు. బీడీ, సిగరెట్టు రక్తనాళాలను కుదించి గాయం మానకుండా చేస్తాయి, పూర్తిగా మానాలి. షుగరు అదుపులో ఉండాలి. ఆపరేషన్ తర్వాతా, కుట్లు విప్పే రెండు మూడు వారాల దాకా, కాలు ఎత్తుగా ఉంచడం తప్పదు.

ఆలస్యానికి వాపే ఎప్పుడూ కారణం కాదు. ఆపరేషన్ గది ఖాళీ లేకపోవడమూ కావచ్చు. "డాక్టరుగారూ, వాపు కోసమే ఆగుతున్నారా?" అని అడిగే హక్కు రోగికి ఉంది. వాపు కోసమే అయితే ఓపిక పట్టడం మంచిది. ఎముక అతకడానికి ఎలాగూ ఆరు వారాలకు తక్కువ పట్టదు. అంతకుముందు పది రోజులు చర్మానికి ఇస్తే పోయేదేమీ లేదు.