బస్సు ఎవరి కొఱకు?

గూడూరు నుండి కర్నూలునకు ఉదయపు బస్సులో పోవువారిలో విద్యార్థులు, ఆసుపత్రికి పోవు వృద్ధులు, చిన్న వర్తకులు కలరు. ఈ బస్సు వలన రోడ్డుపై రద్దీ తగ్గినదా యని వారెవ్వరును ప్రశ్నింపరు. అది లేకున్న తమ ప్రయాణమే సాగదని యెరుగుదురు. మహానగరముల ప్రసక్తి వచ్చునప్పటికి మాత్రము మనమీ సత్యమును మరచుచున్నాము.

హైదరాబాదు సంగతి చూడుడు. నిజాం రాష్ట్ర రైల్వే వారు 1932లో 27 బస్సులతో రోడ్డు రవాణా శాఖను ప్రారంభించిరి. నగరమునకు 2003లో ఎం.ఎం.టి.ఎస్. రైళ్లును, 2017 నవంబరులో మెట్రో రైలును వచ్చినవి. ఐనను అమీర్‌పేటలో మెట్రో వంతెన క్రింద నేటికిని వాహనములు బారులు తీరుచునే యున్నవి. మరి ఈ రైళ్లు వ్యర్థమైనట్లేనా?

కాదు. రద్దీవేళలందు నగర రహదారులు ఎంత విశాలమైనను తిరిగి నిండునని ఆంథొనీ డౌన్స్ అను అమెరికా ఆర్థికవేత్త 1962లోనే వివరించెను. కొందరు రైలెక్కగా రోడ్డుపై చోటు మిగులును. అంతవరకు రద్దీకి వెఱచి ప్రయాణము మానినవారు, వేళ మార్చుకొన్నవారు ఆ చోటునకు తమ వాహనములతో వచ్చి చేరుదురు. ఊటబావిలో నీరు తోడినకొలదిని ఊరుచుండును గదా!

కనుక ప్రజారవాణాను కొలువవలసిన కొలబద్ద వేరు. ఏబదిమంది ఒక్క బస్సులో పోవుదురు; వారే తలకొక కారులో బయలుదేరిన వీధి చాలదు. అంతకు మించి, సొంత వాహనము లేనివారికి ఊరిని అందుబాటులోనికి తెచ్చునది బస్సే. తెలంగాణమున 2023 డిసెంబరు 9 నుండియు, ఆంధ్రప్రదేశమున 2025 ఆగస్టు 15 నుండియు స్త్రీలకు బస్సులలో ఉచిత ప్రయాణ సౌకర్యము కల్పింపబడినది. దీని ఫలితము రోడ్డుపై కార్లను లెక్కించిన తెలియదు. ఎందరు కొత్తగా కళాశాలకు, పనికి, వైద్యశాలకు పోగలిగిరో విచారింపవలెను.

రద్దీని తగ్గించు ఉపాయములు లేకపోలేదు. సింగపూరు 1975లోను, లండను 2003లోను నగర మధ్యమునకు వచ్చు కార్లపై రుసుము విధించినవి. కాని రుసుమునకు జంకి కారు విడిచినవాడు ఎక్కుటకు బస్సో రైలో ఉండవలెను గదా! ప్రజారవాణా యొక్కటియే రద్దీకి మందు కాదు. అది లేక ఏ మందును పనిచేయదు.

రద్దీ తగ్గలేదను నెపమున బస్సులను తగ్గించినచో కారున్నవానికి కలుగు నష్టము స్వల్పము. కారు లేనివాడు ఇంటనే నిలిచిపోవును.