పాత లెన్స్ పెడితే ఫొటో మసకగా వస్తోందా? తప్పు లెన్స్‌ది కాకపోవచ్చు.. ముందు అడాప్టర్ చెక్ చేయండి!

ఫిల్మ్ కెమెరాలు మూలన పడ్డాయి కానీ వాటి లెన్స్‌లకు మళ్లీ గిరాకీ వచ్చింది. వనపర్తి జిల్లా గోపాల్‌పేట లాంటి మండల కేంద్రాల్లో పెళ్లి ఫొటోలు తీసేవారికి స్టూడియో బీరువాలో ఉన్న పాత 50 ఎంఎం లెన్స్ అంటే దాదాపు ఉచితంగా దొరికిన పోర్ట్రెయిట్ లెన్సే. ఆన్‌లైన్‌లో ఓ అడాప్టర్ రింగ్ తెప్పించుకుంటే డిజిటల్ కెమెరాకు పెట్టేయొచ్చు. అయితే తంటా అక్కడే మొదలవుతుంది. షట్టర్ పడదు.. దూరంలో ఉన్నవన్నీ మసక.. దాంతో లెన్స్ పాడైందని పక్కన పడేస్తారు. నిజానికి చాలాసార్లు సమస్య అడాప్టర్‌లోనో, సెట్టింగ్‌లోనో ఉంటుంది. ఎలా కనిపెట్టాలో చూద్దాం.

షట్టర్ పడట్లేదా?

మామూలు అడాప్టర్‌లో ఎలక్ట్రానిక్ కాంటాక్టులు ఉండవు. అందుకే కెమెరా అసలు లెన్సే లేదనుకుంటుంది. సోనీ, కెనాన్, ఫుజీ మిర్రర్‌లెస్ కెమెరాల మెనూలో 'లెన్స్ లేకుండా షట్టర్' అనే ఆప్షన్ ఆన్ చేస్తే సరిపోతుంది. నికాన్ డీ3500 లాంటి కెమెరాలో అయితే ఎం మోడ్ పెట్టాల్సిందే. అందులో పాత లెన్స్‌కు లైట్ మీటర్ పనిచేయదు. ఒక షాట్ తీసి, హిస్టోగ్రామ్ చూసి సరిచేసుకోవాలి.

దగ్గరివి క్లియర్‌గా, దూరంవి మసకగా ఉన్నాయా?

అసలు కిటుకు ఇక్కడే ఉంది. ప్రతి మౌంట్‌కూ సెన్సర్ నుంచి లెన్స్ ఎంత దూరంలో ఉండాలో ఒక లెక్క ఉంటుంది. మరలా తిప్పి బిగించే ఎం42 లెన్స్‌కు అది 45.46 మిల్లీమీటర్లు. సోనీ ఈ మౌంట్‌కు 18, కెనాన్ డీఎస్‌ఎల్‌ఆర్‌కు 44, నికాన్ డీఎస్‌ఎల్‌ఆర్‌కు 46.5.

అంటే సోనీలో మిగిలిన 27.46 మిల్లీమీటర్లను అడాప్టర్ నింపేస్తుంది. కెనాన్‌లో 1.46 మిల్లీమీటర్ల పలుచటి రింగ్ చాలు. నికాన్ డీఎస్‌ఎల్‌ఆర్‌లో మాత్రం రింగ్ పెట్టకముందే లెన్స్ మిల్లీమీటరుకు పైగా దూరం జరిగిపోయి ఉంటుంది. అందుకే మనిషి ముఖం క్లియర్‌గా వచ్చినా, వెనకున్న గుట్ట ఎంత తిప్పినా ఫోకస్ కాదు. అద్దం ఉన్న అడాప్టర్‌తో ఫోకస్ వస్తుంది, కానీ చౌక రకమైతే షార్ప్‌నెస్ తగ్గుతుంది. పాత కెనాన్ ఎఫ్‌డీ లెన్స్‌ను కెనాన్ డీఎస్‌ఎల్‌ఆర్‌కు పెట్టినా ఇదే చిక్కు. దాని లెక్క 42 మిల్లీమీటర్లే మరి.

మిర్రర్‌లెస్‌లోనూ ఇలాగే ఉంటే అడాప్టర్ మందం ఎక్కువైందేమో అనుమానించాలి. దూరంగా ఉన్న సెల్ టవర్‌పై, స్క్రీన్ జూమ్ చేసి ఫోకస్ తిప్పి చూడండి. రింగ్ ఆగకముందే టవర్ క్లియర్ అయితే అడాప్టర్ కాస్త పలుచనన్నమాట. దాంతో పెద్ద నష్టం లేదు, లెన్స్ మీది దూరం అంకెలను మాత్రం నమ్మొద్దు.

అపర్చర్ తిప్పినా వెలుతురు మారట్లేదా?

చాలా ఎం42 లెన్స్‌ల వెనక చిన్న పిన్ ఉంటుంది. అది లోపలికి నొక్కితేనే అపర్చర్ మూసుకుంటుంది. లెన్స్‌పై ఏ, ఎం స్విచ్ ఉంటే ఎం వైపు జరపండి. స్విచ్ లేకపోతే పిన్‌ను నొక్కి ఉంచే అంచున్న అడాప్టర్ తీసుకోవాలి. ఎఫ్‌డీ అడాప్టర్‌పై ఉండే లాక్ రింగ్‌ను కూడా సరైన వైపు తిప్పి ఉంచాలి.

లెన్స్ కదులుతోందా? ఫొటో పాలిపోయిందా?

వదులుగా ఉంటే ముందు అడాప్టర్ స్క్రూలు బిగించండి. అప్పటికీ ఊగుతుంటే దాన్ని మార్చేయడమే మేలు. ఫొటో తెల్లగా పాలిపోతే అడాప్టర్ లోపల చూడండి. అక్కడ నలుపు మెరుస్తుంటే వెలుతురు తిరిగి కొడుతుంది. లోపలి గోడకు మెరవని నల్లటి గుడ్డ అతికిస్తే తేడా తెలుస్తుంది. అదీ కాకపోతే లెన్స్‌లో టార్చ్ వేసి ఫంగస్ ఉందేమో చూడాలి.

ఈ తప్పు మాత్రం చేయొద్దు

1977కు ముందు వచ్చిన, మార్పులు చేయని నికాన్ లెన్స్‌లను కొన్ని డీఎస్‌ఎల్‌ఆర్‌లకు బిగిస్తే మౌంట్ దగ్గరున్న చిన్న ట్యాబ్ విరిగిపోవచ్చు. ఫుల్ ఫ్రేమ్ డీఎస్‌ఎల్‌ఆర్‌లలో కొన్ని ఎం42 లెన్స్‌ల వెనక భాగం మిర్రర్‌కు తగులుతుంది. లెన్స్ ఖరీదు వందల్లో ఉన్నా, బాడీ రిపేర్ వేలల్లో ఉంటుంది. బిగుతుగా అనిపిస్తే బలవంతంగా తిప్పకండి. ఈ పరీక్షలన్నీ తీరిక ఉన్న రోజే చేసుకోండి.. ముహూర్తం వేళ కాదు!