లారీ ఊపిరి

కొత్తగూడెమున నాలుగు దినములు నిలిపిన లారీపై వ్రేలుంచినచో వ్రేలు నల్లబడును. పైకి కనబడు ఆ బొగ్గుదుమ్మును నీటితో కడుగుదుము. ఇంజను పీల్చు దుమ్ము మాటేమి?

డీజిలు ఇంజనునందు నిప్పురవ్వ నిచ్చు ప్లగ్గు లేదు. పిస్టను గాలిని బిగియ నొక్కగా పుట్టిన వేడికే డీజిలు మండును. గాలి వెంట దుమ్ము చేరెనా, అది ఆయిలుతో కలసి ఆకురాయి వలె రింగులను అరగదీయును. అంతట గాలి నొక్కుడు తగ్గును, నల్లపొగ హెచ్చును, బండి ఎత్తు నెక్కజాలదు.

కావున ఇంటివద్ద చేసికొనదగిన పనులలో ఎయిర్ ఫిల్టరు శుభ్రతను మేము మొదట చెప్పుదుము. పాతబండ్ల ఆయిలు ఫిల్టరులో అడుగున పేరిన మడ్డిని తీసి, గీటు వరకే క్రొత్త ఆయిలు పోయవలెను. కాగితపు ఫిల్టరును నీట కడుగరాదు, చిరిగినచో మార్చవలెను.

ఇక మార్పుల సంగతి. బొగ్గు ఎక్కువ పట్టవలెనని బాడీ పలకలను ఎత్తుచేయు వారు కలరు. బరువు హెచ్చిన కొలది, బ్రేకు వేసిన పిదప బండి ఆగు దూరమును హెచ్చును. తయారీదారు నిర్ణయించిన వివరములకు భిన్నముగా బండిని మార్చుటను 1988 నాటి మోటారు వాహనముల చట్టము, 52వ సెక్షనున నిషేధించినది.

మరియొక మాట: పైకెత్తిన టిప్పరు బాడీకి గట్టి ఊత నిలుపక ఎవ్వరును దాని క్రింద దూరరాదు. ఆయిలు గొట్టము తెగుటకు క్షణము చాలును.

బండిని శుభ్రముగ నుంచుట మన చేతిపని. దాని కొలతలు మార్చుట కాదు. ఈ భేద మెరిగిన యింట లారీయు, దానిని నడపువాడును క్షేమముగ తిరిగివత్తురు.