గుక్క గుక్కకూ లెక్క

ఉప్పల్ రింగు రోడ్డు చుట్టుపక్కల గానీ, నాచారం పారిశ్రామికవాడను ఆనుకొని ఉన్న కాలనీలలో గానీ బరువు తగ్గించే శస్త్రచికిత్స ఇప్పుడు వింత వార్త కాదు. ఒకప్పుడు సంపన్నులకే పరిమితమనుకున్న ఈ చికిత్స ప్రభుత్వ వైద్యంలోకి కూడా ప్రవేశించింది. 2023లో ఉస్మానియా ఆసుపత్రి వైద్యులు 240 కిలోల బరువున్న ఒక యువకునికి దీనిని ఉచితంగా చేశారు. చికిత్స చేయించుకొని ఇంటికి వచ్చినవారిని పరామర్శించడానికి బంధువులు వస్తారు. అందరూ అడిగేది ఒకటే: "ఎన్ని కిలోలు తగ్గారు?" ఈ రోజు ఎంత నీరు తాగారని అడిగేవారు అరుదు. మొదటి నెలల్లో అడగవలసిన ప్రశ్న నిజానికి అదే. ఈ శస్త్రచికిత్స తర్వాత రోగులు మళ్లీ ఆసుపత్రిలో చేరవలసి రావడానికి గల ముఖ్య కారణాల్లో ఒంట్లో నీరు తగ్గిపోవడం ఒకటి.

"స్లీవ్" పద్ధతిలో జీర్ణాశయంలో నాలుగింట మూడు వంతులో, అంతకు కొంచెం ఎక్కువో తీసివేస్తారు. మిగిలేది అరటిపండు ఆకారంలో ఉండే సన్నని గొట్టం. అందులో ఒకసారికి 100 నుంచి 150 మి.లీ. మాత్రమే పడుతుంది. "బైపాస్" పద్ధతిలో పైభాగాన ఉంచే సంచి ఇంకా చిన్నది, కోడిగుడ్డు పరిమాణానికి మించదు. పైగా ఆహారం చిన్నపేగు తొలి భాగాన్ని తాకకుండానే ముందుకు వెళ్లిపోతుంది. స్లీవ్‌లో తొలగించే భాగమే ఆకలిని పుట్టించే గ్రెలిన్ అనే హార్మోనుకు ప్రధాన స్థానం. అందువల్ల చాలామందికి నెలల తరబడి ఆకలే తెలియదు. దాహం వేసినా నాలుగు గుక్కలకే ఛాతీ బరువెక్కి గ్లాసు పక్కన పెట్టేస్తారు. ఆకలైనప్పుడు తినాలి, దాహమైనప్పుడు తాగాలి అనే సహజ సూత్రం వీరికి కొంతకాలం పనికిరాదు. గోడ మీది గడియారాన్ని చూసి తాగాలి, గడియారాన్ని చూసి తినాలి.

రోజుకు లీటరున్నర నుంచి రెండు లీటర్ల ద్రవాలు లోపలికి వెళ్లాలని వైద్యులు చెబుతారు. మొదటి రోజుల్లో ఒక విడతకు 30 మి.లీ., అంటే రెండు పెద్ద చెంచాలు మాత్రమే సాఫీగా దిగుతాయి. ప్రతి పావుగంటకు 30 మి.లీ. చొప్పున తాగితే గంటకు 120 మి.లీ.; మేలుకొని ఉండే 14 గంటల్లో 1680 మి.లీ. అవుతుంది. లెక్క సరిపోయినట్లే కనిపిస్తుంది కానీ అందులో వెసులుబాటు ఏ మాత్రం లేదు. మధ్యాహ్నం రెండు గంటలు నిద్రపోతే 240 మి.లీ. పోయినట్లే. దానిని సాయంత్రం ఒకేసారి పూడ్చుకుందామంటే కడుపు ఒప్పుకోదు, వాంతి చేసుకుంటుంది. ఘనాహారం మొదలైన తర్వాత మరో నిబంధన వచ్చి చేరుతుంది: భోజనంతో పాటు నీరు తాగరాదు, భోజనం ముగిశాక కూడా కనీసం అరగంట ఆగాలి.

ఇంట్లో ఉండేవారికే ఇది కష్టమైతే, పనికి వెళ్లేవారి సంగతి చెప్పనక్కరలేదు. ఉప్పల్‌లో మెట్రో ఎక్కి నగరం మరో చివరకు ఉద్యోగానికి వెళ్లే స్త్రీలు, నాచారం కర్మాగారాల్లో షిఫ్టులు చేసే కార్మికులు నీరు తాగకపోవడానికి పెద్ద కారణం దాహం లేకపోవడం కాదు. శుభ్రమైన మరుగుదొడ్డి దొరకకపోవడం. ఏప్రిల్, మే నెలల్లో మన నగరంలో ఎండ 40 డిగ్రీలు దాటుతుంది. శస్త్రచికిత్స తేదీని నిర్ణయించుకునేటప్పుడు ఉద్యోగానికి సెలవు దొరుకుతుందా అని చూసుకునేవారు ఏ కాలంలో చేయించుకుంటున్నామన్నది కూడా చూసుకోవడం మంచిది.

ఏవి తాగవచ్చు? మంచినీరు, వడగట్టిన పలుచని మజ్జిగ, పెసరకట్టు, నూనె తేట తీసివేసిన మరగ్ లేదా కోడి షోర్బా, చక్కెర లేని పలుచని జావ. ఇవన్నీ మన వంటిళ్లలో ఉన్నవే. గోలీసోడా, కూల్‌డ్రింకులు కడుపులో వాయువు నింపి నొప్పి కలిగిస్తాయి. రంగురంగుల షర్బత్తులు బైపాస్ అయినవారికి మరీ ప్రమాదం. చక్కెర ఒక్కసారిగా పేగులోకి దిగి చెమటలు, గుండెదడ, కళ్లు తిరగడం వస్తాయి. చాయ్ పూర్తిగా మానవలసిన పని లేదు గానీ, ఇనుము మాత్ర వేసుకునే వేళకు దానిని దూరంగా ఉంచాలి. ఆ మాత్ర ఒంటికి పట్టకుండా టీ అడ్డుపడుతుంది.

ఇక ఆహారం. నాచారానికి కూతవేటు దూరంలో, తార్నాకలో ఉన్న జాతీయ పోషకాహార సంస్థ 1918లో కూనూరులో చిన్న పరిశోధనశాలగా మొదలై 1958లో హైదరాబాదుకు తరలివచ్చింది. భారతీయులకు ఏ పోషకం ఎంత కావాలో నిర్ణయించే పట్టికలు ఇక్కడి నుంచే వెలువడతాయి. 2020 నాటి పట్టిక ప్రకారం 55 కిలోల ఆరోగ్యవంతురాలికి రోజుకు సుమారు 46 గ్రాముల మాంసకృత్తులు చాలు. శస్త్రచికిత్స చేయించుకున్నవారికి వైద్యులు చెప్పే కనీస మోతాదు 60 గ్రాములు! గుప్పెడు కూడా లేని కడుపుతో ఆమె తన తోటికోడలి కంటే ఎక్కువ మాంసకృత్తులు తినాలన్నమాట. ఒక గుడ్డులో సుమారు 6 గ్రాములు, గ్లాసు పాలలో 6 నుంచి 7, 50 గ్రాముల పనీరులో 9 దాకా ఉంటాయి. ఒక ఇడ్లీలో రెండుకు మించవు. మెత్తగా ఉంది కదా అని ఇడ్లీలు, గంజి అన్నంతో రోజులు గడిపితే బరువు తగ్గుతుంది. దానితో పాటు కండ కూడా కరుగుతుంది, జుట్టు ఊడుతుంది, నీరసం మిగులుతుంది. అందుకే పళ్లెంలో మొదటి ముద్ద గుడ్డుదో, కీమాదో, పప్పుదో కావాలి. అన్నం చివరన. మన హలీమ్ గురించి చాలామంది అడుగుతారు. 2010లోనే భౌగోళిక గుర్తింపు పొందిన ఈ వంటకంలో మాంసం, గోధుమలు కలిసి ముద్దగా నలిగి ఉంటాయి కనుక, మెత్తని ఆహారం అనుమతించిన దశలో దాని పాకం అనుకూలమే. నెయ్యి మాత్రం కాదు. ఇంట్లో నెయ్యి తగ్గించి వండినదైతే నాలుగు చెంచాలు తినవచ్చు.

మితాహారం మన ధర్మంలో ప్రశంసనీయమైన గుణం. కడుపును మూడు భాగాలుగా భావించి ఒకటి ఆహారానికి, ఒకటి పానీయానికి, ఒకటి శ్వాసకు ఉంచుకోవాలన్న దైవప్రవక్త (స) బోధ మన ఇళ్లలో పిల్లలకు కూడా తెలుసు. అయితే శస్త్రచికిత్స అయిన కోడలు రెండు ముద్దలకే లేచిపోతే "మాషా అల్లాహ్, ఎంత అదుపు!" అని మెచ్చుకోవడం ఆ బోధకు అన్వయం కాదని ఈ వ్యాసకర్త అభిప్రాయం. ఆ బోధ అతిగా తినేవారిని ఆపడానికి చేసినది. ఈమె కడుపులో ఆ మూడు భాగాలకు ఒకేసారి చోటు లేదు. కాబట్టి కాలాన్ని పంచుకోవాలి, ఒక వేళ ఆహారానికి, ఒక వేళ నీటికి. దావతులలో దీనికి విరుద్ధమైన ఇబ్బంది ఎదురవుతుంది. ప్రేమతో మరో ముద్ద వడ్డించే పెద్దమ్మకు నచ్చజెప్పడం రోగి పని కాకూడదు. భర్త గానీ, అత్తగారు గానీ ముందే ఒక మాట చెప్పి ఉంచాలి.

రమజాన్ దగ్గర పడుతున్న కొద్దీ ఈ లెక్క మరింత కఠినమవుతుంది. ఇఫ్తార్ నుంచి సహరీ వరకు మనకు దాదాపు పది, పదిన్నర గంటల సమయం. అందులో ఐదు గంటలు నిద్రకు తీసివేస్తే మిగిలింది సగం. గంటకు 120 మి.లీ. మాత్రమే తాగగలిగే వ్యక్తికి ఆ వ్యవధిలో 600 మి.లీ. మించి వెళ్లదు. అవసరంలో సగం కూడా కాదు. మొదటి నెలల్లో రోజా వద్దని వైద్యులు చెప్పేది ఈ కారణం చేతనే; ఏడాది గడిచేదాకా ఆగమనేవారూ ఉన్నారు. రోగులు, ప్రయాణికులు తమ రోజాలను ఇతర దినాలలో పూర్తి చేసుకోవచ్చని దివ్య ఖుర్‌ఆన్ బఖరా సూరాలోనే సడలింపు ఇచ్చింది. కోలుకునే ఆశ ఉన్నవారు తరువాత ఖజా ఉంటారు. ఆ ఆశ లేనివారికి ఫిద్యా మార్గం ఉంది. తమది ఏ కోవకు వస్తుందో వైద్యుని మాట విన్న తర్వాత తెలిసిన ధర్మవేత్తను అడిగి తేల్చుకోవాలి. ఇంట్లో అందరూ సహరీకి లేచినప్పుడు తాను మాత్రం రోజా లేకుండా ఉండడం ఒక స్త్రీకి ఎంత బాధ కలిగిస్తుందో ఆలోచించండి. ఎవరికీ చెప్పకుండా రోజా ఉండి తరావీహ్‌లో స్పృహ తప్పే పరిస్థితి రాకూడదంటే, ఇంటివారు ఆమెను దోషిలా చూడడం మానాలి. వైద్యుని అనుమతితో తరువాతి సంవత్సరాల్లో రోజా ఉండేవారు మధుమేహం, రక్తపోటు మందుల వేళలను, మోతాదులను ముందే మార్పించుకోవాలి.

విటమిన్ బి12, ఇనుము, కాల్షియం, విటమిన్ డి జీవితాంతం వేసుకోవలసినవి. గుళికల పైపొర జంతువుల జెలటిన్‌తో చేసినదేమో అన్న సందేహంతో కొందరు వాటిని మానివేస్తున్నారు. మానవలసిన అవసరం లేదు, మాత్రల రూపంలో రాయమని వైద్యుని అడిగితే చాలు. సంతానం కోరుకునే స్త్రీలు కనీసం ఏడాది నుంచి ఏడాదిన్నర వరకు వేచి ఉండాలి.

వాంతులు తగ్గకపోతే మన ప్రాంతంలో అందరూ చేసేది ఒకటే. వీధి చివరి క్లినిక్కుకు వెళ్లి "గ్లూకోజ్ ఎక్కించుకోవడం". సాధారణ నీరసానికి సాగిపోయే ఈ అలవాటు ఇక్కడ ప్రమాదకరం. రోజుల తరబడి తినలేక వాంతులు చేసుకున్నవారి ఒంట్లో థయామిన్, అంటే విటమిన్ బి1 అడుగంటిపోతుంది. ఆ స్థితిలో థయామిన్ ఇవ్వకుండా గ్లూకోజ్ ఎక్కిస్తే మిగిలిన కొద్దిపాటి నిల్వ కూడా ఖర్చయి మెదడు దెబ్బతినవచ్చు. చూపు రెండుగా కనిపించడం, నడక తూలడం, మాట తికమకపడడం దాని గుర్తులు. ఒక రోజంతా నీరు నిలవకపోయినా, మూత్రం ముదురు రంగులో కొద్దికొద్దిగా వస్తున్నా, నిలబడితే కళ్లు తిరుగుతున్నా శస్త్రచికిత్స చేసిన వైద్యుని దగ్గరకే వెళ్లాలి. జ్వరం, తీవ్రమైన కడుపునొప్పి, ఆగని గుండెదడ ఉంటే గంట కూడా ఆగరాదు. రాత్రివేళ అంత దూరం వెళ్లలేక నాచారం ఇ.ఎస్.ఐ. ఆసుపత్రికో, ఉప్పల్‌లోని మరో ఆసుపత్రికో వెళ్లవలసి వస్తే అక్కడి డ్యూటీ వైద్యునికి పాత సంగతి తెలియదు. అందుకని ఒక చీటీ పర్సులో ఉంచుకోవాలి. శస్త్రచికిత్స పేరు, తేదీ, చేసిన వైద్యుని ఫోను నంబరు, వాటి కింద పెద్ద అక్షరాలతో: "గ్లూకోజ్‌కు ముందు థయామిన్ ఇవ్వండి."